పందెపు బండ్ల శిల్పి కరివర్ధన్

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున లింగంపల్లి యున్నది. ఒకప్పుడు చేలును, బండరాళ్లును నిండియుండిన ఆ ప్రాంతము చుట్టును నేడు కంప్యూటరు సంస్థల అద్దాల మేడలు వెలసినవి. విశాలమైన రహదారులపై క్రొత్త క్రొత్త కార్లు పరుగులు తీయుచున్నవి. వాని నడుమ అప్పుడప్పుడొక పాత మారుతి 800 కారు కానవచ్చును. దానిని చూచి పిల్లలు ముసలి బండియని నవ్వవచ్చును. కాని ఆ చిన్న బండి యంత్రమే ఒకనాడు మన దేశపు మోటారు పందెముల తీరును మార్చినది. ఆ మార్పునకు కారకుడైన వాడు సుందరం కరివర్ధన్.

కరివర్ధన్ 1954వ సంవత్సరమున కోయంబత్తూరునందలి మిల్లు యజమానుల కుటుంబమున జన్మించెను. ఆ పట్టణమునకును తెలుగువారికిని తరతరాల సంబంధము కలదు. విజయనగర ప్రభువుల కాలమునుండి దక్షిణమునకు తరలిన తెలుగు కుటుంబములు అనేకము ఆ సీమయందు స్థిరపడినవి. వారు నల్లరేగడి నేలలు దున్ని ప్రత్తి పండించిరి. పిదప నూలు మిల్లులు నెలకొల్పిరి. ఆ మిల్లులకు వలసిన యంత్రములను బాగుచేయుటయే కాక, స్వయముగా తయారుచేయుటయు నేర్చిరి. మన దేశమున విద్యుత్ మోటారును తొలుత తయారుచేసిన ఘనత జి.డి. నాయుడు మొదలగువారి కృషివలన 1937లో ఆ ఊరికే దక్కినది. సుత్తి దెబ్బలును, లేత్ యంత్రముల మ్రోతలును నిత్యము వినవచ్చు అట్టి ఊర పెరిగిన కరివర్ధన్‌కు మోటారు కార్లపై మక్కువ కలుగుట వింత కాదు.

ఆ రోజులలో మోటారు పందెములకు చెన్నపట్టణపు సమీపమునందలి షోలవరము పేరెన్నిక గన్నది. అది రెండవ ప్రపంచ యుద్ధ కాలమున విమానములకై వేసిన బాట. 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు అచట పందెములను నడిపెను. వానిని చూచుటకు జనులు వేలకొలదిగా వచ్చెడివారు. కాని పందెములో పాల్గొనగోరు వారికి పెద్ద చిక్కొకటి యుండెను. పందెమునకై ప్రత్యేకముగా నిర్మించిన కార్లు మన దేశమున దొరకెడివి కావు. విదేశములనుండి తెప్పింపవలెనన్న ప్రభుత్వ నిబంధనలు కఠినములు; సుంకములు భారములు. ధనికులైన కొలదిమంది మాత్రమే అట్టి కార్లను సంపాదింపగలిగిరి. తక్కినవారు ఇంటిల్లిపాది ఎక్కి తిరుగు ఫియట్, అంబాసిడర్, హెరాల్డ్ కార్లనే పందెమునకు సిద్ధపరచుకొనెడివారు.

అట్లు సిద్ధపరచుటయు ఒక విద్యయే. తెలియని వారు యంత్రపు బలము పెంచిన చాలునని తలంతురు. తెలిసినవారు మొదట బ్రేకులను, స్టీరింగును, చక్రములను పరీక్షింతురు. ఆగనేరని బండికి వేగము శత్రువు. పిమ్మట వెనుక సీట్లు, నేలపై పరచిన తివాచీలు మొదలగు అనవసరపు బరువును తీసివైతురు. బరువు తగ్గినకొలది యంత్రబలము పెంచకయే వేగము పెరుగును. బ్రేకు వేసినప్పుడు త్వరగా ఆగును. మలుపులలో అదుపు మెరుగుపడును. బండి పల్టీ కొట్టినను నడుపువాని తల నలగకుండుటకై లోపల ఉక్కు గొట్టములతో పంజరమువంటి చట్రము అమర్తురు. నడుపువానిని సీటునకు గట్టి పట్టీలతో బిగింతురు. ఇవన్నియు ముగిసిన పిమ్మటనే యంత్రము జోలికి పోవుదురు.

కరివర్ధన్ షోలవరపు బాటపై పందెగాడుగా ప్రసిద్ధి కెక్కెను. కాని నడుపుటతో అతడు తృప్తి నొందలేదు. కారును విప్పుట, దాని లోపములెరుగుట, మరల మెరుగుగా కూర్చుట అతనికి మిక్కిలి ప్రియమైన పనులు. కొనగల స్తోమత తనకున్నను, స్వదేశమున దొరకు భాగములతోనే పందెపు కార్లను నిర్మింపవలెనని అతడు పూనుకొనెను. తనకొక్కనికి కారు సమకూరినంత మాత్రమున దేశమున పందెగాండ్రు పెరుగరని అతడు గ్రహించెను.

ఇంతలో 1983వ సంవత్సరము డిసెంబరు నెలలో మారుతి 800 కారు వెలువడెను. దాని యంత్రము చాల చిన్నది. మూడు సిలిండర్లు, 796 ఘన సెంటీమీటర్లు. దాని బలము నలువది అశ్వశక్తికి మించదు. కాని అది తేలికయైనది, నమ్మదగినది. కొలది కాలములోనే దాని విడిభాగములు ఊరూర దొరకసాగినవి; దానిని బాగుచేయు మెకానిక్కులును ఎల్లెడల తయారైరి. ఇతరులు ఆ యంత్రమున కూరగాయల అంగడికి పోవు బండిని చూచిరి. కరివర్ధన్ పందెపు గుఱ్ఱమును చూచెను.

అతడు ఉక్కు గొట్టములతో చట్రమును నిర్మించి, అందు ఆ యంత్రమును బిగించి, ఒక్కడు మాత్రమే కూర్చుండదగిన తేలికపాటి పందెపు కారును రూపొందించెను. అదియే ఫిస్మే యను పేర, ఫార్ములా మారుతి యను పేర ప్రసిద్ధి నొందినది. అట్టి కార్లను అనేకము నిర్మింపజేసి యువకులకు అందుబాటులోనికి తెచ్చెను. పందెమున పాల్గొనువారందరి కార్లును ఒక్క తీరువే గనుక, ధనము వెచ్చించి గెలుచుటకు వీలులేకపోయెను. మలుపున ఎప్పుడు బ్రేకు వేయవలెనో, ఎప్పుడు వదలవలెనో ఎరిగినవాడే ముందునకు పోగలిగెను. ధనము గెలుచు పందెము పోయి, నేర్పు గెలుచు పందెము వచ్చెను. కరివర్ధన్ చేసిన మేలు ఇదియే.

అతడు తనకు తెలిసిన విద్యను దాచుకొనలేదు. యువకులను చేరదీసి బండిని నడుపు పద్ధతులు నేర్పెను. ఫార్ములా మారుతి పందెములే వారికి బడి యయ్యెను. కోయంబత్తూరు యువకుడే యైన నారాయణ్ కార్తికేయన్ తన పందెముల జీవితమును అట్టి కారుతోనే ఆరంభించెను. పిదప 2005లో ప్రపంచ ప్రసిద్ధమైన ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న తొలి భారతీయుడయ్యెను.

ఆ దినమును చూచు భాగ్యము కరివర్ధన్‌కు కలుగలేదు. భూమిపై వేగమునే కాక ఆకాశయానమునుగూడ ప్రేమించిన అతడు 1995వ సంవత్సరమున విమాన ప్రమాదమున అకాల మరణము నొందెను. అప్పటికి నలువది యేండ్లు నిండి ఎంతో కాలము కాలేదు. కోయంబత్తూరు సమీపమున చెట్టిపాళెములో 2003లో వెలసిన పందెపు బాటకు కరి మోటార్ స్పీడ్‌వే యని పేరిడి అభిమానులు అతని ఋణమును కొంత తీర్చుకొనిరి.

నేడును మన దేశమున ఔత్సాహికులు పాత మారుతి, ఎస్టీమ్, జిప్సీ బండ్లను సిద్ధపరచి ఆటోక్రాస్ అను పందెములలో పాల్గొనుచున్నారు. ఇవి మట్టి మైదానములలో గీసిన మలుపుల దారిపై, గడియారముతో కాలమును కొలుచుచు జరుగు పందెములు. ఎవరు తక్కువ కాలములో దారి ముగింతురో వారే విజేతలు. వీనికి కావలసినది గొప్ప కారు కాదు. శ్రద్ధగా సిద్ధపరచిన చిన్న కారు.

అయితే పందెమునకు తగిన చోటు వేరు, రహదారి వేరు. 2023వ సంవత్సరము ఫిబ్రవరిలో హైదరాబాదున హుస్సేన్ సాగరు తీరమున విద్యుత్ కార్ల ప్రపంచ పందెము జరిగినప్పుడు దారులను మూసివేసి, ఇరువైపుల అడ్డుగోడలు కట్టి, వైద్యులను సిద్ధముగా నుంచిరి. అట్టి ఏర్పాటు లేక రాత్రివేళ నగరపు విశాల వీధులలో వేగముగా బండి తోలువాడు వీరుడు కాడు. తన ప్రాణమును, దారిన పోవు అన్యుల ప్రాణమును పణముగా నొడ్డు అవివేకి.

ధనము గలవాడు తన కోరిక తీర్చుకొనుట లోకమున సామాన్యము. తన కోరికను పదిమందికి అందుబాటు చేయుట అరుదు. చేతికందిన చిన్న వస్తువును చులకన చేయక, దాని శక్తి నెరిగి, ఓర్పుతో మలచి, దాని ఫలమును ఇతరులతో పంచుకొనిన వాడు కరివర్ధన్. విద్యార్థులు అతని జీవితమునుండి నేర్వవలసినది వేగము కాదు; ఈ గుణము.