పచ్చగువ్వల పరిశోధకుడు జెర్డన్

మర్రి, రావి పండ్లు మాగే రోజులలో చెట్లపై గుంపులుగా వాలే పచ్చగువ్వను ఉర్దూలో హరియల్ అంటారు. ఆకుల నడుమ ఆకువలె ఒదిగిపోయే ఈ పక్షికి గల తెలుగు పేరును, హిందూస్తానీ పేరును ఒకే గ్రంథంలో పక్కపక్కన నిలిపిన విద్వాంసుడు థామస్ కావర్‌హిల్ జెర్డన్. రెండు భాషల నీడలో చదువుకొనే మన తిమ్మాజిపేట విద్యార్థి మిత్రులకు ఆయన జీవితాన్ని పరిచయం చేయదలచినాము.

జెర్డన్ 1811 అక్టోబరు 12న ఇంగ్లండులోని డర్హం ప్రాంతంలో జన్మించినాడు. ఎడింబరోలో వైద్యవిద్య నేర్చి, ఈస్టిండియా కంపెనీ సహాయ వైద్యుడుగా 1836లో మద్రాసు చేరినాడు. తొలుత గంజాం ప్రాంతంలో జ్వరపీడితులైన సైనికులకు చికిత్స చేసినాడు. కొంతకాలం జాల్నాలో ఉండి, పిదప నెల్లూరులో సివిల్ సర్జను అయినాడు. పక్షిపరిశీలన ఆయన ఉద్యోగధర్మం కాదు. అయినా తీరిక వేళలన్నీ దానికే ధారపోసినాడు.

1840లో ఆయన పడమటి కనుమల పచ్చగువ్వ నొకదానిని వర్ణించి, దానికి 'అఫినిస్' అని నామకరణం చేసినాడు. లాటినులో ఆ మాటకు దగ్గరి చుట్టమని అర్థం. దీని నుదురు బూడిదవన్నె. మగపక్షి వీపు ముదురెరుపు. తక్కిన పచ్చగువ్వలకు చుట్టమే అయినా ఇది వేరు జాతి అని ఆయన నిర్ణయం. అయితే 20వ శతాబ్దపు పండితులు సింహళం మొదలు ఫిలిప్పీను దీవుల వరకు గల ఈ చుట్టాలన్నింటినీ ఒకే జాతిగా లెక్కించినారు. జెర్డన్ పెట్టిన పేరు ఉపజాతికి దిగజారినది. 21వ శతాబ్దంలో ఈకల తేడాలను తిరిగి పరిశీలించి, వీటిని ఆరు జాతులుగా విడదీసినారు. వైద్యుని చూపే నిలిచినది.

1848 నాటికి ఆయన కనుగొన్న కలివికోడి సైతం 1900 తరువాత అదృశ్యమై, 1986లో కడప జిల్లా పొదలలో స్థానికుల సాయంతో తిరిగి కనబడినది.

1862-64 మధ్య వెలువడిన ఆయన భారత పక్షి గ్రంథంలో శాస్త్రనామాల చెంత దేశభాషల పేర్లు కూడ ఉన్నవి. అవి పల్లెజనుల నోట పుట్టిన పేర్లు. 1872 జూన్ 12న జెర్డన్ ఇంగ్లండులో కన్నుమూసినాడు.

పరదేశీయుడు అడిగి తెలుసుకొన్న పేర్లను మనము మరచిపోవుట న్యాయమా? మిత్రులారా, పెద్దలు జీవించి ఉండగానే వారిని అడిగి, ఆ పేర్లను రెండు లిపులలోను వ్రాసి పెట్టుకొందము.