పూర్తధర్మపరుడు లక్ష్మీనరసు శెట్టి

గృహస్థునకు ఇష్టము, పూర్తము అని పెద్దలు రెండు ధర్మములను విధించిరి. యజ్ఞాదులు ఇష్టము, చెఱువులు, బావులు, బాటసారులకు సత్రములు పూర్తము. ఈ రెండవదానికై పాటుపడిన వర్తకోత్తముడు గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు.

వీరు 1806లో చెన్నపట్టణమున తెలుగు వర్తక కుటుంబమున జన్మించిరి. నీలిమందు, వస్త్ర వ్యాపారములలో తండ్రి గడించిన ధనమును పెంపొందించిరి. 1844లో ‘క్రెసెంటు’ పత్రికను నెలకొల్పి హిందువుల పక్షమున నిలిచిరి.

నాడు కుంఫిణీ దొరలకు పన్నులయందున్న శ్రద్ధ బాటలయందును, కాలువలయందును లేదు. వర్షము తప్పిన పైరెండును. పన్ను మాత్రము తప్పదు. శెట్టిగారు తమ వర్తకమునకు లాభము కోరలేదు. 1852లో మదరాసు స్వదేశీ సంఘమును స్థాపించి, ప్రజలకు రహదారులు, వంతెనలు, సేద్యపు నీటి వసతులు, విద్య కావలెనని సీమలోని పార్లమెంటుకు విన్నపము పంపిరి. 1853లో వచ్చిన పార్లమెంటు సభ్యుడు డాన్‌బీ సీమోరును గ్రామములకు కొనిపోయి, పన్నులకై రైతులు పడు హింసను ఎఱిగించిరి. అది నిజమని 1855లో విచారణ సంఘము తేల్చెను.

ప్రజాకార్యములకై ధనమంతయు వెచ్చించి, 1868లో నిర్ధనులై పరమపదించిరి. భగవంతుడొసగిన సంపదకు తాము ధర్మకర్తలమే కాని యజమానులము కామని తలచు గృహస్థులకు వీరి చరిత్రము నిత్యస్మరణీయము.