పాళెం వెలుపలికి వెళ్లిన నర్సు

కుష్ఠరోగుల మధ్య పరిచర్య అనగానే మనకు మొలొకాయి ద్వీపంలో ప్రాణం పెట్టిన ఫాదర్ డామియన్ గుర్తుకొస్తాడు. తెలుగువాళ్లకైతే నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఆస్పత్రి పెట్టిన డాక్టర్ ఇసాబెల్ కెర్ కూడా గుర్తుకొస్తుంది. కేట్ మార్స్‌డెన్ పేరు మాత్రం మన సంఘాల్లో ఎవరూ ఎత్తరు. 1892లో అది లండన్‌లోనూ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనూ రాజకుటుంబాల దాకా తెలిసిన పేరు. రెండేళ్లు తిరిగేసరికి ఆ పేరు పలకడానికే మనుషులు వెనకాడారు. ఆ రెండు సంగతులూ కలిపి చెబితేనే ఆమె కథ చెప్పినట్టు.

కేట్ 1859లో లండన్ శివార్లలో పుట్టింది. తండ్రి లాయరు. ఆయన పోయాక ఇల్లు గడవడం కష్టమైంది, పెద్ద కుటుంబంలో చిన్నదైన ఈ పిల్ల నర్సింగ్ నేర్చుకుంది. 18 ఏళ్ల వయసులో బల్గేరియా వెళ్లింది. అక్కడ రష్యాకూ తుర్కీకీ యుద్ధం జరుగుతోంది. గాయపడిన రష్యన్ సైనికులకు కట్లు కట్టే పని ఆమెది. ఒకనాడు ఒక పాకలో ఇద్దరు కుష్ఠరోగులు కంటబడ్డారు. చేతులూ కాళ్లూ తినేసిన ఆ ఇద్దరినీ పట్టించుకునే దిక్కు లేదు. తన జీవితం ఎవరి కోసమో ఆనాడే తేలిపోయిందని ఆమె తర్వాత చెప్పుకుంది.

తేలిపోయినా వెంటనే కదల్లేదు. క్షయతో మంచాన పడిన అక్కను చూసుకోవడానికి తల్లితో కలిసి న్యూజిలాండ్ వెళ్లింది. అక్క బతకలేదు. కేట్ అక్కడే వెల్లింగ్టన్ ఆస్పత్రిలో కొన్నాళ్లు పనిచేసి, 1889 ప్రాంతంలో ఇంగ్లాండు చేరుకుంది. ఫాదర్ డామియన్ మరణవార్త లోకమంతా మార్మోగుతున్న రోజులవి. విక్టోరియా రాణి దర్శనం దొరికింది. యువరాణి అలెగ్జాండ్రా తన సొంత చెల్లెలికి ఒక సిఫారసు ఉత్తరం రాసిచ్చింది. ఆ చెల్లెలు ఎవరో కాదు, డెన్మార్క్ నుంచి రష్యాకు కోడలై వెళ్లిన మహారాణి మరియా ఫ్యోదొరోవ్నా, మూడో అలెగ్జాండర్ చక్రవర్తి భార్య.

సైబీరియాలో కుష్ఠును నయం చేసే మూలిక ఒకటి ఉందని కేట్ ప్రయాణంలో వింది. అప్పటికి ఈ జబ్బుకు మందు లేదు. నార్వే డాక్టర్ హాన్సెన్ 1873లోనే క్రిమిని కనిపెట్టాడు గాని, దాన్ని చంపే దారి ఎవరికీ తెలియదు. డిచ్‌పల్లిలో చాల్‌మూగ్రా నూనె ఇంజెక్షన్ల కాలం రావడానికి ఇంకా పాతికేళ్లకు పైగా ఉంది. కాబట్టి మూలిక మాట విన్నవాళ్లకు ఆశ పుట్టడంలో వింత లేదు. మహారాణి ఆమెను ఆదరించి, దారిలోని అధికారులందరూ ఈమెకు సాయం చేయాలని ఉత్తరం ఇచ్చింది. నది అవతలి అధికారుల కోసం రాజు దగ్గర తాకీదులు అడిగి తీసుకున్న నెహెమ్యా మనకు తెలుసు. ఆ కాగితం లేకపోతే ఒంటరి ఆడమనిషి రష్యా సామ్రాజ్యంలో అంత దూరం పోగలిగేది కాదు.

1891 ఫిబ్రవరి 1న మాస్కోలో బయలుదేరింది. చలికి ఒకదానిమీద ఒకటి వేసుకున్న ఉన్ని, తోలు బట్టల బరువుకు మోకాళ్లు వంగక, మనుషులు ఎత్తి మంచుబండిలో కూర్చోబెట్టాల్సి వచ్చింది. మూటల్లో 18 కిలోల ప్లమ్ పుడ్డింగ్ కూడా ఉంది. మనం క్రిస్మస్‌కు తినే ప్లమ్ కేకుకు అది పెద్దక్క లాంటిది, ఎన్నాళ్లయినా చెడిపోదు. తోడుగా రష్యన్ భాష తెలిసిన ఏడా ఫీల్డ్ అనే స్నేహితురాలు వచ్చింది గాని, ఒమ్స్క్ చేరేసరికి జబ్బుపడి వెనక్కి వెళ్లిపోయింది. కేట్ ఆగలేదు. దారిలోని జైళ్లకు వెళ్లి ఖైదీలకు టీ, చక్కెర, సువార్త ప్రతులు పంచుతూ తూర్పుకు సాగింది. మంచు కరిగాక స్ప్రింగులు లేని గుర్రపుబండి, ఆ తర్వాత లేనా నది మీద పడవ. జూన్‌లో యాకూత్స్క్ నుంచి గుర్రమెక్కింది.

వెంట 15 మంది దాకా మనుషులు, 30 గుర్రాలు. దారి అనేది లేదు. కాళ్లు దిగబడే బురద, ముఖం కనపడనివ్వని దోమలు, ఎలుగుబంట్ల భయం, ఒకచోట నేల అడుగున రాజుకుంటూ మండే అడవి. మగవాళ్లలా రెండు పక్కలా కాళ్లు వేసి సవారీ చేసినందుకు తన పుస్తకంలో సంజాయిషీ ఇచ్చుకుంది, ఆ కాలం అలాంటిది! అలా గుర్రం మీద 3,200 కిలోమీటర్లు తిరిగానని ఆమె లెక్క. వెళ్లింది విల్యూయిస్క్ ప్రాంతానికి. రచయిత చెర్నిషెవ్‌స్కీని జార్ ప్రభుత్వం ఏళ్ల తరబడి ప్రవాసంలో ఉంచింది ఆ ఊళ్లోనే. అంటే రాజ్యమే మనుషుల్ని మరచిపోవడానికి ఎంచుకున్న చోటు.

ఆ చోటు నుంచి కూడా వెలివేయబడినవాళ్లు కుష్ఠరోగులు. జబ్బు బయటపడితే ఊరివాళ్లు అడవిలోకి తరిమేస్తారు. పశువుల కొట్టం లాంటి గుడిసెలో, పొగలో, ఒకరిమీద ఒకరు పడి ఉంటారు. తిండి తెచ్చినవాళ్లు దూరాన పెట్టి వెళ్లిపోతారు. రోగం లేని పిల్లలు కూడా తల్లుల వెంట అక్కడే. లేవీయకాండంలో పాళెం వెలుపల నివాసం గురించి చదువుతాం, అక్కడ యాజకుడైనా మళ్లీ చూడటానికి వెలుపలికి వస్తాడు. ఇక్కడ వచ్చేవాళ్లు లేరు. కేట్ గుడిసె గుడిసెకూ వెళ్లింది.

మూలిక దొరికింది. కుష్ఠును మాత్రం అది నయం చేయలేదు. దేని కోసమైతే లోకం ఆమెను చప్పట్లు కొట్టి పంపించిందో అది వట్టిదైపోయింది. ఆమె మందు మాట వదిలి ఆస్పత్రి మాట పట్టుకుంది. ఆ ఏడాది చివరికి తిరిగి వచ్చి, రోగుల కోసం ఒక గ్రామమే కట్టాలని చందాలు మొదలుపెట్టింది. 1892లో ఇంగ్లాండు రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ మొదటిసారి స్త్రీలను సభ్యులుగా చేర్చుకున్నప్పుడు ఆ కొద్దిమందిలో ఆమె ఒకతె. ప్రయాణం గురించి పుస్తకం రాసింది. అందులో తన కష్టాల గురించి చెప్పుకోవడానికి ఆమెకు మొహమాటం లేదు. కొన్నిచోట్ల రోగులకంటే ఆమే ఎక్కువ కనిపిస్తుంది, ఆ మాట దాచనక్కరలేదు.

దెబ్బ అక్కడే పడింది. టాల్‌స్టాయ్‌ని అనువదించిన అమెరికన్ రచయిత్రి ఇసాబెల్ హాప్‌గుడ్ ఆ పుస్తకాన్ని నమ్మలేదు, చందాలు ఇవ్వవద్దని పత్రికలకెక్కింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఇంగ్లీషు సంఘ కాపరి అలెగ్జాండర్ ఫ్రాన్సిస్ ముందు నిలబడి వేలెత్తి చూపించాడు. చందా డబ్బు దుర్వినియోగమైందన్నారు. న్యూజిలాండ్ నాటి పాత లెక్కలు తవ్వారు. స్త్రీలతో ఆమె సంబంధాల మీద మరో నింద వేశారు. ఆ రోజుల్లో ఒక క్రైస్తవ సేవకురాలి పేరు సమాధి చేయడానికి ఆ ఒక్కటి చాలు. పరువునష్టం దావా వేసింది, ఖర్చులు భరించలేక వదిలేసుకుంది. ఆరోపణల్లో ఎంత నిజమో ఈనాడు మనం తీర్పు చెప్పలేం. ఒక్క సంగతి మాత్రం గమనించాలి. ఆమె మీద గొంతెత్తిన పెద్దల్లో విల్యూయిస్క్ అడవులకు వెళ్లి ఆ గుడిసెల్లో తొంగిచూసినవాళ్లు లేరు.

ఆస్పత్రి 1897లో విల్యూయిస్క్ దగ్గర తెరుచుకుంది. కేట్ అక్కడ లేదు. తన చందాలతో లేచిన ఆ కట్టడాన్ని ఆమె కళ్లారా చూడనేలేదు. ఇంగ్లాండులో ఆమె తోడ్పాటుతో 1895లో మొదలైన సెయింట్ ఫ్రాన్సిస్ లెప్రసీ గిల్డ్ ఈనాటికీ పనిచేస్తోంది. చాలా ఏళ్ల తర్వాత బెక్స్‌హిల్ అనే ఊళ్లో మ్యూజియం పెట్టించడానికి తిరిగింది. పాత నింద అక్కడికీ వచ్చింది, తను మొదలుపెట్టిన మ్యూజియం నుంచి తనే తప్పుకోవలసి వచ్చింది. 1921లో తన నిర్దోషిత్వం గురించి చివరి పుస్తకం రాసుకుంది. 1931 మార్చిలో లండన్‌లో మానసిక రోగుల ఆస్పత్రిలో కన్నుమూసింది. సమాధి మీద పేరు రాసిన రాయి కూడా పెట్టలేదు.

యాకూతియాలో మాత్రం మరచిపోలేదు. 1991లో అక్కడి గనిలో దొరికిన 55 క్యారెట్ల వజ్రానికి ఆమె పేరు పెట్టారు. ఆస్పత్రి ఉన్న చోటు ఇప్పుడు సొస్నోవ్‌కా అనే గ్రామం. 2014లో ఆ ఊరివాళ్లు ఆమె విగ్రహం నిలబెట్టుకున్నారు.