నేను చూడని గురువు – రిచర్డ్ స్టీవెన్స్

మహనీయుల జీవితాలు అనగానే దేశనాయకులే గుర్తొస్తారు. కర్మన్‌ఘాట్‌లో అద్దె గదిలో ఉండి చదువుకునే ఈ రైతుబిడ్డకు మాత్రం ఒక పుస్తక రచయిత గుర్తొస్తారు. ఆయనే డబ్ల్యూ. రిచర్డ్ స్టీవెన్స్.

1951లో నేటి జాంబియా దేశంలోని లువాన్ష్యా అనే రాగి గనుల పట్టణంలో ఆయన జన్మించారు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1973లో పట్టా పుచ్చుకున్నది విమాన, అంతరిక్ష ఇంజనీరింగులో! 1975 నుంచి 1982 దాకా కిట్ పీక్ ఖగోళ వేధశాలలో ప్రోగ్రామరుగా పనిచేస్తూనే, అరిజోనా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. విమానం నడపటం వచ్చు, ఇతరులకు నేర్పటమూ వచ్చు. ఆ నేర్పే గుణమే 1990లో 'యూనిక్స్ నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్' అనే గ్రంథమైంది.

ఆ పుస్తకం నన్నెలా ఆదుకుందో చెబుతాను. ప్రాజెక్టు చూపించాల్సిన ముందురోజు రాత్రి నా సర్వర్ ప్రోగ్రాం మొండికేసింది. జవాబు పంపి కనెక్షన్ మూసేసినా, అవతలి కంప్యూటర్ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. నాకేమో ఏడుపొక్కటే తక్కువ. తెల్లవారుజామున స్టీవెన్స్ పుస్తకం తిరగేస్తుంటే కారణం దొరికింది.

యూనిక్స్‌లో ఒక ప్రాసెస్ 'ఫోర్క్' ద్వారా పిల్ల ప్రాసెస్‌ను పుట్టిస్తే, తల్లి తెరిచి ఉంచిన కనెక్షన్లన్నీ పిల్లకూ సంక్రమిస్తాయి. ఇద్దరి చేతుల్లో ఉన్నది ఒకే కనెక్షన్. ఒకరు మూసినంత మాత్రాన అది తెగదు. రెండోవారూ మూశాకే అవతలికి ముగింపు కబురు వెళ్తుంది. నాన్న, పెదనాన్న పేర్ల మీదున్న మా ఉమ్మడి పొలం ఒక్కరి సంతకంతో చేతులు మారదు గదా, అలాగన్నమాట! నా ప్రోగ్రాంలో పిల్ల మూసింది, తల్లి మూయలేదు. పిల్ల పుట్టగానే తల్లి తన వంతు మూసేయాలి; పిల్లేమో కొత్తవారి కోసం ఎదురుచూసే సాకెట్‌ను మూసేయాలి. రెండే రెండు వరుసలు చేర్చాను, పని జరిగింది.

చెప్పి ఊరుకోక, ప్రోగ్రాం నడిపి చూపించటం స్టీవెన్స్ పద్ధతి. 1999 సెప్టెంబరు 1న, నలభై ఎనిమిదేళ్లకే ఆయన కన్నుమూశారు. 2000లో యూజ్‌నిక్స్ సంస్థ మరణానంతరం జీవితకాల సాఫల్య పురస్కారమిచ్చి గౌరవించింది. 2003లో బిల్ ఫెన్నర్, ఆండ్రూ రుడాఫ్ ఆ గ్రంథాన్ని సవరించి మూడో ముద్రణ తెచ్చారు.

ఆయన వదిలి వెళ్లినా, పట్టుకున్న చేతులుండబట్టి ఆ కనెక్షన్ తెగలేదు. మొన్న మా గదిలోని జూనియర్‌కు అదే పాఠం చెప్పాను. మిత్రులారా, ఇక మీ వంతు!