హెలెన్ కెల్లర్ : అరచేతిలోని అక్షరములు

అమెరికా దేశమున అలబామా రాష్ట్రములోని టస్కంబియా అను చిన్న పట్టణమున 1880 జూన్ 27వ తేదీన హెలెన్ కెల్లర్ జన్మించెను. పందొమ్మిది నెలల ప్రాయమున సోకిన జబ్బు ఆమె చూపును, వినికిడిని ఒక్కమారుగా హరించెను. అంతకుమునుపు నేర్చిన ముద్దుమాటలలో నీటికి చెప్పు శబ్దమొకటి మాత్రము అస్పష్టముగా మిగిలినది. కావలసినది సైగలతో అడుగును. తెలియజేయలేనిచో నేలబడి పొర్లును.

1887 మార్చి 3న ఆన్ సల్లివన్ అను ఇరువదేండ్ల యువతి ఉపాధ్యాయినిగా వచ్చెను. ఆమెయు బాల్యమున చూపు చాలవరకు కోల్పోయి, శస్త్రచికిత్సలవలన కొంత తిరిగి పొందినదే. బోస్టనులోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చదివినది. వస్తువును చేతికిచ్చి, దాని పేరును అరచేతిలో వ్రేళ్ళ గుర్తులతో తెలుపుట ఆమె పద్ధతి. బాలిక ఆ గుర్తులను అనుకరించెనేగాని అవి పేర్లని ఎరుగదు. పాత్ర వేరు, అందలి నీరు వేరు అను భేదము ఎంతకును తెగలేదు. ఏప్రిల్ 5న సల్లివన్ ఆమెను పంపు కడకు గొనిపోయి, ఒకచేతిపై చన్నీరు పడుచుండగా రెండవచేతిలో నీటి పేరు వ్రాసెను. బాలిక కదలక నిలిచెను. కొద్దిగంటలలో ముప్పది మాటలు నేర్చెను. ఆ ఉదయము తాను పగులగొట్టిన బొమ్మ ముక్కలను తడిమి, అతుకజూచి, కంటతడి పెట్టినదియు ఆనాడే. పగులగొట్టునపుడు విచారము లేదు. పేరు తెలిసిన పిదపనే పోయినదేమో తెలిసెను.

పంపు కథ లోకమెల్ల ఎరిగినదే. ఉపాధ్యాయులకు అంతకంటె పనికివచ్చునది మరియొకటి కలదు. పెద్దవి రెండు, చిన్నవి మూడు చొప్పున పూసలు గ్రుచ్చుచు బాలిక తప్పుచేసి, ఎట్లు సరిదిద్దుటయాయని ఒక్క క్షణమాగెను. సల్లివన్ వెంటనే ఆమె నుదురు తాకి, ఆలోచించుట అను మాటను చేతిలో వ్రాసెను. తలలో జరుగుచున్న పనికే ఆ పేరని బాలిక గ్రహించెను. ముట్టుకొనరానిదానికి పేరు దొరకుట ఆమెకదియే మొదలు. ధ్యాస ఎచట నిలిచినదో అచటనే మాట నుంచుట ఆ ఉపాధ్యాయిని నేర్పు.

ఆ మాటలే ఆమెను బోనులో నిలిపినవి. 1891లో, పదకొండవ యేట, శరత్కాలపు ఆకుల రంగులను వర్ణించుచు మంచురాజు కథ వ్రాసి, పెర్కిన్స్ సంచాలకుడు మైకేల్ అనాగ్నాస్‌కు జన్మదిన కానుకగా పంపెను. ఆయన దానిని ప్రచురించెను. అది మార్గరెట్ కాన్బీ అను రచయిత్రి కథను చాలవరకు పోలియున్నదని 1892లో బయటపడెను. 1888 వేసవిలో ఎవరో ఆ కథను బాలిక చేతిలో వ్రాసి వినిపించియుండిరి. ఆమెకు ఆ జ్ఞాపకమే లేదు. ఉపాధ్యాయినిని వెలుపలికి పంపి ఎనమండుగురు పెద్దలు పసిదానిని విచారించిరి. నలుగురు అటు, నలుగురు ఇటు. అనాగ్నాస్ మొగ్గు ఆమెవైపు చూపినను, తరువాత ఆయన మనసు విరిగెను. అటుపై చాలకాలము, జాబు వ్రాయునపుడు సైతము ఈ వాక్యము తనదో కాదోయని ఆమె శంకించుచుండెను. చూపున్న పిల్లలును విన్నదే తిరిగి వ్రాయుదురు. వారికెవ్వరును న్యాయసభ కూర్చరు.

చూడని రంగులను గూర్చి వ్రాయవచ్చునా? 1908లో వెలువడిన తన గ్రంథమున ఆమె దీనికి బదులు చెప్పెను: స్పర్శ, వాసనల పోలికలతో రంగులను ఊహింతునని. స్వయముగా అంధుడైన థామస్ కట్స్‌ఫోర్త్ అను మనస్తత్వవేత్త 1933లో ఇట్టి విద్యను అనుభవములేని వట్టి మాటలని నిందించెను; ఆ నింద పూర్తిగా త్రోసివేయదగినది కాదు. అయినను మెదడు అంత తేలికగా గదులు విభజించుకొనదు. చిన్ననాటనే చూపు పోయినవారు బ్రెయిలీ చదువునపుడు మెదడులో దృష్టికి చెందిన వెనుకభాగము పనిచేయుట 1996లో వెల్లడియయ్యెను. పుట్టుగ్రుడ్డియైన ఒక స్త్రీ, ఆ భాగము దెబ్బతినిన పిదప, చుక్కలను వ్రేళ్ళతో గుర్తింపగలిగియు చదువలేకపోయినట్లు 2000లో ప్రకటింపబడెను.

సల్లివన్ ఉపన్యాసములను చేతిలో వ్రాయుచుండగా చదివి, 1904లో హెలెన్ రాడ్‌క్లిఫ్ కళాశాల పట్టము పొందెను. 1955లో భారతదేశమునకు వచ్చెను. 1936లో సల్లివన్ మరణించునాటికి ఆమె చూపును పోయియుండెను. 1968 జూన్ 1న హెలెన్ కన్నుమూయగా, చితాభస్మమును వాషింగ్టనులోని ప్రధాన దేవాలయమున ఆ ఉపాధ్యాయిని అస్థికల ప్రక్కన ఉంచిరి.