కణాల దారి వెతికిన వాడింగ్టన్

కాన్రాడ్ వాడింగ్టన్ 1905లో ఇంగ్లండులో జన్మించారు. తండ్రి దక్షిణ భారతంలో తేయాకు తోటల్లో పనిచేసేవారు. నాలుగేళ్ల వయసులోనే పిల్లవాణ్ని ఇంగ్లండులోని బంధువుల ఇంటికి పంపారు. అమ్మానాన్నలకు దూరంగా పెరగడమంటే ఏమిటో హాస్టల్లో పెరిగిన మాకు తెలుసు.

కేంబ్రిడ్జిలో భూగర్భశాస్త్రం చదివి జీవశాస్త్రంలోకి వచ్చారు. ఒకే జన్యువులున్న కణాల్లో ఒకటి ఎముక కణంగా, మరొకటి నరాల కణంగా ఎలా మారుతుందన్నదే ఆయన ప్రశ్న. ఆ అధ్యయనానికి 1942లో ఎపిజెనెటిక్స్ అని పేరు పెట్టారు. కణాన్ని కొండవాలున లోయల్లోకి దొర్లే బంతితో పోల్చారు. 1975లో కన్నుమూశారు.

పంటి గుజ్జులో మూలకణాలున్నట్లు 2000లో తెలిసింది. జన్యువులను మార్చకుండా, వాటిపై ఉండే రసాయన గుర్తులను మార్చి, ఆ కణాలచేత పంటి కణజాలాన్ని తిరిగి పెంచాలని శాస్త్రజ్ఞులు కృషి చేస్తున్నారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కణానికే పుట్టుక ఒక్కటే సర్వస్వం కానప్పుడు, మనకెందుకవుతుంది? సైన్సు చదవండి.