రాబర్ట్ మెక్‌కారిసన్

సర్ రాబర్ట్ మెక్‌కారిసన్ (మార్చి 15, 1878 - మే 18, 1960) భారతదేశంలో పోషకాహార పరిశోధనకు పునాది వేసిన వైద్య శాస్త్రవేత్త. పైరుకు వేసే ఎరువును బట్టి గోధుమ గింజలోని పోషక విలువ మారుతుందా అన్న ప్రశ్నను ప్రయోగపూర్వకంగా పరిశీలించిన తొలి తరం శాస్త్రజ్ఞులలో ఈయన ఒకడు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు మూలం ఈయన కూనూరులో ప్రారంభించిన పరిశోధనలే.

జీవిత విశేషాలు

ఈయన ఐర్లండు ఉత్తర భాగంలోని పోర్టడౌన్ పట్టణంలో జన్మించాడు. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ కళాశాలలో చదివి, 1900లో వైద్య పట్టా పొందాడు. 1901లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, వాయవ్య సరిహద్దులోని చిత్రాల్, గిల్గిట్ ప్రాంతాలలో పనిచేసాడు. గిల్గిట్‌లో గళగండ వ్యాధికి కారణం తెలుసుకొనుటకై, అనుమానం ఉన్న నీటిలోని మడ్డిని స్వయంగా తాగి పరీక్షించాడు. సమీపంలోని హుంజా ప్రజల ఆరోగ్యం ఈయన దృష్టిని ఆహారం వైపు మళ్ళించింది.

కూనూరు పరిశోధనలు

1918లో నీలగిరులలోని కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధన మొదలుపెట్టాడు. 1923లో ప్రభుత్వం పొదుపు పేరిట ఈ పనిని నిలిపివేసింది. 1925లో తిరిగి ప్రారంభమై, క్రమంగా పోషకాహార పరిశోధనాలయంగా ఎదిగింది. వివిధ ప్రాంతాల భారతీయుల ఆహారాన్ని ఎలుకలకు పెట్టి పోల్చగా, ముడి గోధుమపిండి రొట్టెలు, పాలు, నెయ్యి, పప్పు, కూరగాయలతో కూడిన సిక్కుల ఆహారం తిన్నవి చక్కగా పెరిగాయి. బియ్యమే ప్రధానమైన మద్రాసు ప్రాంతపు ఆహారం తిన్నవి వెనుకబడ్డాయి. 1933లో ఈయనకు సర్ బిరుదు లభించింది. 1935లో పదవీ విరమణ చేసాడు.

గోధుమ - ఎరువు

కోయంబత్తూరు వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త బి. విశ్వనాథ్‌తో కలిసి 1926లో గోధుమ, చిరుధాన్యాలపై ఎరువుల ప్రభావాన్ని గురించి ఒక పరిశోధనా పత్రం ప్రచురించాడు. పశువుల ఎరువుతో పండిన గింజలు రసాయనిక ఎరువుతో పండిన వాటికంటే ఎక్కువ పోషక విలువ గలవని అందులో తెలిపారు. దీనికి కారణం విటమిన్లలోని తేడా అని భావించారు. జింకు వంటి సూక్ష్మపోషకాల పాత్ర అప్పటికి స్పష్టం కాలేదు. మొక్కలకు జింకు అత్యవసరమని సోమర్, లిప్‌మన్ అనే శాస్త్రజ్ఞులు నిరూపించినది కూడా 1926లోనే. మానవులలో జింకు లోపం 1960లలో గాని వెలుగులోకి రాలేదు.

తరువాతి పరిశోధనలు

గోధుమ గింజలో సాధారణంగా కిలోకు 20-35 మిల్లీగ్రాముల జింకు ఉంటుంది. ఇది ఎక్కువగా అంకురంలోను, పై పొరలలోను ఉండుటచేత మైదాలో చాలా భాగం నష్టమవుతుంది. ఆ పొరలలోనే ఉండే ఫైటిక్ ఆమ్లం జింకును శరీరం గ్రహించకుండా అడ్డుకుంటుంది. లోపం ఉన్న నేలలో జింకు సల్ఫేటు వేస్తే ముఖ్యంగా దిగుబడి పెరుగుతుంది. గింజలో జింకు పెరగాలంటే పూత తరువాత, గింజ పాలుపోసుకునే దశలో ఆకులపై పిచికారీ చేయడం ఎక్కువ ఫలప్రదమని తేలింది. ఈ ఫలితాలు మెక్‌కారిసన్‌వి కావు. విటమిన్ల గురించి ఆయన చేసిన నిర్ధారణను ఇవి బలపరచవు. అయితే ధాన్యపు నాణ్యత పొలంలోనే మొదలవుతుందన్న ఆయన మౌలిక భావన సరైనదేనని ఇవి సూచిస్తున్నాయి.

మరణం

మెక్‌కారిసన్ 1960లో ఆక్స్‌ఫర్డ్‌లో మరణించాడు. కూనూరు పరిశోధనాలయం అంతకు ముందే, 1958లో హైదరాబాదుకు తరలింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టారు.